తోకలొచ్చిన పూసలు

చిన్న రణ్ ఉప్పు మడులు, గుజరాత్
నవంబరు

వదినా,

చేరాను. క్యాన్లన్నీ క్షేమం, నేనే కాస్త నలిగాను. "పోయినంక ఫోన్ జెయ్యే పిల్లా, మర్సిపోకు" అని రైలు కదిలేదాకా అరిచావు గదా, ఇక్కడ ఫోను కాగితాలు ఎగిరిపోకుండా మీద పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. సిగ్నల్ కావాలంటే తాగునీటి ట్యాంకరెక్కి ఊరిదాకా పోవాలి. ఆ ట్యాంకరు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. అందుకే మనకిక ఉత్తరాలే దిక్కు. నువ్వు పూసల క్యాను పంపినప్పుడల్లా మూతకు ప్లాస్టిక్ కవరు కట్టి ఉత్తరం పెట్టు. వాడేసిన పూసలు పరీక్షకు వెనక్కి పంపేటప్పుడు నా ఉత్తరం అట్లాగే వస్తుంది. మన ఓనరు హేమచంద్ సార్‌కు మాత్రం చెప్పకు. కొంపల్లిలో అంత పెద్ద విల్లా కట్టుకున్నాడు గానీ, తెలిస్తే లారీ బరువులో మన ముచ్చట్లు కూడా తూకం వేస్తాడు.

చూడటానికి ఇక్కడేమీ లేదు. మాటకు అనడం కాదు, నిజంగానే ఏమీ లేదు. చెట్టు లేదు, గుట్ట లేదు, కాకి కూడా లేదు. ఉప్పు పండించేవాళ్లు నేల కింది ఉప్పునీళ్లు తోడి మడుల్లో పారిస్తారు. ఎండకు ఉప్పు గడ్డకట్టాక మిగిలే చేదు నీళ్లు మన తొట్టికి వస్తాయి. వాటిలో ఉన్న కాసింత లిథియం కోసం ఒక రేకుల గదిలో, ఒక మంచంతో, ఒక పంపుతో, నాలుగు నిలువు గొట్టాలతో నేను కాపురం పెట్టాను.

పక్క మడిలో పనిచేసే జీవీబెన్ అనే ఆమె నన్ను చూడటానికి వచ్చింది. క్యానులో పూసలు చూసి, దండ గుచ్చుకుంటాను గుప్పెడు ఇమ్మంది. నాకొచ్చిన హిందీలో చెప్పాను: ఇవి మెడకు కాదమ్మా, నీళ్లకు. లిథియాన్ని పట్టేది ఒక తెల్లటి పొడి. పొడిని అట్లాగే నీళ్లలో వేస్తే కొట్టుకుపోతుంది. అందుకని మా వదిన దాన్ని నాచు జిగురులో కలిపి సగ్గుబియ్యమంత పూసలుగా పోస్తుంది. పూసల సందుల్లోంచి నీళ్లు వెళ్లిపోతాయి, లిథియం లోపలి పొడికి చిక్కుతుంది. పల్చటి యాసిడ్ పోస్తే మళ్లీ వదిలేస్తుంది. ఆ పూస చితకకుండా మళ్లీ మళ్లీ అదే పని చెయ్యాలి, అది చూడటానికే నేను వచ్చాను అని. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "మీ వదిన ఎందుకు రాలేదు?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది వదినా. అమ్మ, బాపు, చివరికి అన్న కూడా పోయాక నాకు మిగిలింది నువ్వే. ఎవరైనా ఊరడిగితే మేడ్చల్ అంటాను గానీ, నా లెక్కలో మేడ్చల్ అంటే ఊరు కాదు, ఇల్లు కాదు, నువ్వు. పెండ్లికాని దానికి తల్లిగారిల్లేందే అని నవ్వుతావేమో. ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చినదానికి ఆ మాటే సరిపోతుంది. నా తల్లిగారిల్లు నువ్వు. ఎండాకాలంలో ఇక్కడి పని ముగిస్తే వచ్చేస్తాను. ఇక ఎక్కడికీ పోను. ఇద్దరం ఉందాం, సరేనా?

నీ భవిత


మేడ్చల్
డిసెంబరు

భవితకు వినోద రాసేది.

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనొక్కదాన్నే గనుక, నేను క్షేమం అని చదువుకో. నీ ఉత్తరం అందింది. నువ్వు ఏడ్చినట్లు రాశావు. ఏడిస్తే ఏడ్చావు గానీ అన్నం తిన్నావో లేదో రాయలేదు. అక్కడ బియ్యం దొరుకుతాయా? రొట్టెలే అయితే నీ కడుపు రెండు రోజులు కూడా ఓర్వదు. పచ్చడి సీసా ఈ క్యాను వెంట పంపుతున్నాను. హేమచంద్ సార్ చూస్తే పూసలకు కొత్త రసాయనం అని చెప్తాను.

పని ఎప్పటిలాగే ఉంది. పొద్దున బస్సెక్కి షామీర్‌పేటకు పోవడం, పొడి, జిగురు కలపడం, సూదుల కింద కాల్షియం నీళ్ల తొట్టిలోకి చుక్క చుక్కగా పోయడం. అమూల్య అని కొత్త అమ్మాయి చేరింది. మంచిదే కానీ తొందర ఎక్కువ. సూదికీ నీళ్లకూ జానెడు ఎడం ఉండాలని చెప్తే వినదు. ఎడం తక్కువైతే చుక్క గుండ్రంగా అయ్యేలోపే నీళ్లలో పడి తోక వస్తుంది. ఎక్కువైతే చపాతీ. "గింత పూసకు గంత కతనా అక్కా" అంటుంది. నేర్చుకుంటుందిలే.

క్యాన్లు తీసుకుపోవడానికి పర్వతాలు అని కొత్త ట్రాలీ ఆటో అతను వస్తున్నాడు. చెప్పకుండానే క్యాన్ల చుట్టూ వరిగడ్డి కుక్కి, గోనెసంచి కట్టాడు. గుంతల్లో పూసలు నలుగుతాయట. పాతవాడు ఇటుకలు విసిరినట్లు విసిరేవాడు. ఇంతకంటే కొత్త విషయాలు లేవు.

తల నూనె లేకుండా ఉండకు. ఉప్పు గాలికి జుట్టు ఊడిపోతుంది.

వినోద


చిన్న రణ్
డిసెంబరు చివర

వదినా,

పచ్చడి సగం అయిపోయింది, ఒక్కదాన్నే తిన్నాను, సిగ్గు లేదు.

ముందు పని మాట. నీ పూసలు బంగారం. గొట్టాల కింది నుంచి నీళ్లు అద్దంలా వస్తున్నాయి, ఒక్క పూస చితకలేదు. యాసిడ్ పోస్తే లిథియం మొహమాటపడకుండా బయటికొచ్చింది. హేమచంద్ సార్‌కు డబ్బు పెట్టే కంపెనీవాళ్లు ఫిబ్రవరిలో చూడటానికి వస్తారట. అప్పటిదాకా ఇవి ఇట్లాగే నిలబడితే పని గట్టెక్కినట్టే.

ఇక పోట్లాట. నోటితో అయితే "ఏందే, గట్ల గుర్రు గుర్రు జూస్తవ్" అంటావు. కాగితం మీద మాత్రం పాఠాల పుస్తకంలా "ఏడ్చినట్లు రాశావు" అంటావు. ఉత్తరం చదువుతుంటే మా స్కూలు తెలుగు మేడం గుర్తొచ్చింది, నువ్వు గుర్తుకు రాలేదు. నాకు నీ గొంతు వినబడాలి. ఇక్కడ తెలుగు మాట వినక నా చెవులు తుప్పు పడుతున్నాయి. నిన్న నాతో నేనే తెలుగులో పోట్లాడుకున్నాను, ఓడిపోయాను కూడా. సాయంత్రమైతే జీవీబెన్ వాళ్లు పొయ్యి చుట్టూ కూర్చొని నవ్వుతుంటారు. నన్ను పిలుస్తారు, పోతాను. వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను, దేనికో తెలియదు. గదికి తిరిగొచ్చాక ఇంకా ఒంటరిగా ఉంటుంది.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ అమూల్య పని నేర్చుకుంటున్నది నీకు తోడుగానా, నీకు బదులుగానా? ఇంకొకటి. ఎండాకాలం నుంచి ఇద్దరం ఉందామని రాశాను. నూనె రాసుకొమ్మన్నావు గానీ, దానికి అవునని అనలేదు, కాదని అనలేదు.

భవిత


మేడ్చల్
జనవరి

భవితకు,

పని ఎక్కువగా ఉంది, అందుకే పొట్టి ఉత్తరం. నడుము నొప్పి తప్ప బాగానే ఉన్నాను. ఈసారి రెండు క్యాన్లు పంపుతున్నాం, పూసలన్నీ నేనే పోశాను. అమూల్యకు ఇంకా చేయి తిరగలేదు. సార్ కొత్తగా నీళ్లు శుద్ధి చేసే మిషను పెట్టించాడు.

ఎండాకాలం సంగతి ఎండాకాలంలో చూద్దాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు ఇప్పుడే ఎందుకు?

చలికి చెవులు మూసుకొని పడుకో.

వినోద


చిన్న రణ్
ఫిబ్రవరి

వదినా,

నువ్వు పంపిన కొత్త క్యాన్లు విప్పాను. పూసలకు తోకలున్నాయి.

ఒకటీ అరా కాదు. సగానికి సగం, వానాకాలం కప్పపిల్లల్లా. సరే, రూపంతో ఏం పని, పట్టుకుంటే చాలు అనుకొని గొట్టంలో నింపాను. రెండో రోజుకు నీళ్లు పాలలా వచ్చాయి. వేలితో నొక్కితే పూస పిండిలా అయిపోయింది. పొడంతా కొట్టుకుపోతున్నది. పంపు ఆపేశాను. కంపెనీవాళ్లు రావడానికి ఎన్నో రోజులు లేవు.

తప్పు దొరకాలి గదా అని అంతా వెతికాను. ఎక్కడ దొరికిందో తెలుసా? చేతులు కడుక్కునే దగ్గర. క్యానులో పూసలు మునిగిన నీళ్లు పారబోయడం ఎందుకని వాటితోనే సబ్బు రుద్దాను. నురగ పొంగిపోయింది. వదినా, మన షామీర్‌పేట బోరు నీళ్లకు సబ్బు నురగ ఎప్పుడు వచ్చింది? తలకు పోసుకుంటే జుట్టు కొబ్బరిపీచు అయ్యే నీళ్లు అవి. పాత క్యానులో మిగిలిన నీళ్లతో రుద్దాను, నురగ లేదు. అప్పుడు అర్థమయింది. ఆ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కాల్షియమే గదా మన పూసను గట్టిగా పట్టి ఉంచేది. బోరు నీళ్లలో కడిగి, బోరు నీళ్లలోనే నింపి పంపితే, దారి పొడవునా పూస ఇంకా గట్టిపడుతూ వస్తున్నది. ఈసారి ఎవరో శుద్ధి చేసిన మంచినీళ్లు పోశారు. ఉప్పునీళ్లు తగలగానే పూస పట్టు వదిలేసింది. ఈ సంగతి నాకూ తెలియలేదు, సార్‌కూ తెలియలేదు, నీకూ తెలియదు. తాగే నీళ్లు పారబొయ్యొద్దని బోరు నీళ్లు పోశావు, అంతే.

ఇది సార్‌కు రాశాను. నీకు రాసేది వేరు.

తాగే నీళ్లు నువ్వు పూసలకు పొయ్యవు. నీ చేతి పూసకు తోక రాదు. నువ్వు జ్వరంతో ఉన్నా రాదు, అన్న పోయిన నెలలో కూడా రాలేదు. "పూసలన్నీ నేనే పోశాను" అని నాకెందుకు రాశావు? పని సంగతి అయితే దాచనవసరం లేదు. ఆ రోజు షామీర్‌పేటలో నువ్వు లేవు. ఎక్కడికి పోయావు వదినా? ఒంట్లో బాగాలేదా? పెద్ద డాక్టరు ఎవరైనా ఏదైనా చెప్పాడా? నాకిక్కడ ఏదేదో తోస్తున్నది. నువ్వు కూడా పోతే నాకెవరూ లేరు. ఫోను చేద్దామంటే ట్యాంకరు జాడ లేదు. వట్టి అబద్ధం వద్దు, వెంటనే రాయి.

భవిత


మేడ్చల్
ఫిబ్రవరి

భవితా,

పాణం మంచిగనే ఉంది. డాక్టరు దగ్గరికి పోలే. పరేషాన్ గాకు. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

ఇగ పుస్తకం భాష నాతోని కాదు. తోకలు చూసి దొంగను పట్టినవ్, ఇగ ఎట్ల దాస్త.

ఆ ఆదివారం, సోమవారం నేను కొమురవెల్లి పోయిన. మల్లన్న జాతర. పర్వతాలు వాళ్ల అక్క అక్కడ మొక్కుకు రంగుల ముగ్గుతోని పట్నం ఏసింది, నన్ను చూస్తనన్నది. అందుకే పోయిన. పని అమూల్య చేతిల పెట్టి, సార్‌కు నడుము నొప్పి అని చెప్పిన. నీకు అబద్ధం రాసిన. కంపెనీవాళ్లు వచ్చిపోయినంక, నీ పని గట్టెక్కినంక చెప్దామనుకున్న. పూసలు ముందే చెప్పేసినయ్.

పర్వతాలు అంటే ఆటో అతనే. గండిమైసమ్మ దగ్గర ఒక అర్రల కిరాయికి ఉంటడు. పెండ్లాం కాన్పుల పోయింది, పిల్ల కూడ దక్కలే. అతను గేటు బయట ఆటోల కూసొని డబ్బా తినేటోడు. నేను లోపట, పొడి సంచుల పక్కకు కూసొని తినేదాన్ని. ఒకనాడు వాన కొడితే రేకుల కిందికి వచ్చిండు. నా డబ్బ చూసి, "మేడం, ఇంకెవరన్న వస్తరా తిననీకె?" అన్నడు. ఎందుకంటే నాకు ఇప్పటికి గూడ ఒక్కదానికి వండుడు చేత కాదు. ఇద్దరికే పడ్తది బియ్యం చేతి నుంచి. నాలుగేండ్ల సంది రోజు మిగుల్తది, పొద్దున పారబోస్త. ఆ రోజు పారబొయ్యలే.

అంతే భవితా. ఇంకేం లేదు, ఇంకేం జరగలే. అతను ఎక్కువ మాట్లాడడు. నేను మాట్లాడ్త, అతను ఇంటడు. పోయిన నెల అడిగిండు. నేను నీతో చెప్పకుండ ఒప్పుకోనన్న. కాని చెప్పలే, భయమైంది. నువ్వు ఎండాకాలం వచ్చి ఇద్దరం ఉందాం అని రాస్తివి. ఆ మాట చదివినప్పుడల్ల నా నోరు మూతపడ్డది.

సబ్బు నురగ సంగతి సార్‌కు చేరింది. ఈసారి పూసలు నేనే, నిజంగనే నేనే పోస్తున్న. తొట్టిల నానబెట్టి, బోరు నీళ్లల్ల కడిగి పంపుత. నీ పని ఆగదు.

కోపం వస్తె తిట్టు, కాని రాయి.

వదిన


చిన్న రణ్
మార్చి

వినోద గారికి,

మీ ఉత్తరం చేరింది. ఈ జవాబు కూడా పర్వతాలు గారి ఆటోలోనే మీ దగ్గరికి వస్తుంది గనుక జాగ్రత్తగా రాస్తున్నాను.

మా అన్న ఫోటో ఏ గోడకు పెడతారు? గండిమైసమ్మలో అర్ర ఒక్కటే అన్నారు గదా, దానికి గోడలు ఎన్నో? నేను ఇక్కడ దినాలు నెట్టుకొస్తూ ఒకే ఒక్కటి తలుచుకున్నాను, ఇంటికి పోతే తలుపు తీసే మనిషి ఉందని. నేను రైలెక్కానో లేదో మీకు వేరే తలుపు దొరికిందన్నమాట.

వెళ్లండి. మేడ్చల్ ఇంటి తాళం చెవి పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లండి. వచ్చినప్పుడు వచ్చినవాళ్లు తీసుకుంటారు. వచ్చేవాళ్లు ఎవరున్నారు గనుక.

పూసలు మాత్రం జాగ్రత్తగా పొయ్యండి. కంపెనీవాళ్లు రావడం ఈ నెలకు వాయిదా పడింది.

భవిత


మేడ్చల్
మార్చి

భవితా,

నీ ఉత్తరం పర్వతాలే తెచ్చిచ్చిండు. "మంచిగ రాసిందా మీ ఆడబిడ్డ?" అని అడిగిండు. మస్తు మంచిగ రాసింది అని చెప్పిన. నిన్ను అతని ముంగట తక్కువ చేస్తనా?

"గారు" అన్నవ్ నన్ను. తిట్టినా ఇంత కాలకపోవు.

నిన్న గాజులరామారం పోయిన, అమ్మ దగ్గరికి. పెండ్లి మాట చెప్పిన. మా అమ్మ సుక్కమ్మ సంగతి నీకు ఎర్కే గద, నోరు విప్పితే వాకిట్ల కోళ్లు ఉరుకుతయ్. "మొగడు సచ్చినదానికి మల్ల పెండ్లేందే? సిగ్గు గిట్ల ఉన్నదా లేదా? మా ఇంట్ల నీకు ఒడిబియ్యం పోసేటోళ్లు లేరు, పో" అన్నది. తమ్ముడు బాలేష్ ఫోన్ చూసుకుంట కూసున్నడు. వాని పెండ్లాం గిన్నెలు తోముకుంట, "మాకూ ఆడపిల్ల ఉన్నది వదినా, రేపు సంబంధాలు రావొద్దా" అన్నది. చాయ కూడ పొయ్యలే. గేటు దాకా ఎవరూ రాలే.

అటు పర్వతాలు వాళ్ల అక్క ఒక్కటే మాట పట్టింది. రెండో పెండ్లయినా, మూడో పెండ్లయినా, తల్లిగారు ఒడిల పసుపు బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ పోసి పంపాలె. ఒడి ఖాళీగ వచ్చిన ఆడిదాన్ని గడపల ఎట్ల రానిస్తం, ఎనుక ఎవరూ లేనిదని లోకం అనదా అంటది. ఆమె చెడ్డది కాదు, ఆమెకు తెలిసింది అదే. పర్వతాలు ఏమొద్దు, గుడిల చేసుకుందాం అంటడు. నాకే మనసొప్పుతలేదు. మీ అన్న వెంట వచ్చిననాడు నా ఒడి నిండుగ ఉండె. ఇప్పుడు దొంగ లెక్క పోవాల్నా?

ఇగ అసలు మాట. నువ్వు వద్దంటే వద్దు. కోపంతోని అంటలేను, నిన్ను ఏడిపియ్యనీకె అంటలేను. ఈ ఇంట్ల నాకు మిగిలిన మనిషివి నువ్వొక్కదానివే. వద్దు అని ఒక్క ముక్క రాయి, అతనికి నేనే చెప్త. ఎప్పటి లెక్కనే ఉంట.

కాని ఒకటి అడుగుత, బాధపడకు. నువ్వు కాలేజి అన్నవ్, హాస్టల్ల ఉన్నవ్, తర్వాత పరిశోధన అన్నవ్, ఇప్పుడు రణ్ల ఉన్నవ్. పోవాలె, చదువుకున్న పిల్లవు, నేనే పొమ్మన్న. నువ్వు ఎప్పుడొచ్చినా నేను ఇంట్ల ఉండాలె అంటవ్. నువ్వు రాని రోజులల్ల నేను ఎవరితోని ఉండాలె భవితా?

మనిషి సప్పుడు కావాలని టీవీ పెట్టుకొని వంట చేస్త. అందులో ఎవరన్న "అన్నం తిన్నవా" అంటే, ఇంకా లేదని జవాబు చెప్త. నాకు ముప్పై ఆరేండ్లే. ఇంకెన్నేండ్లు గిట్ల?

పూసలు చూడు, ఒక్కదానికి తోక లేదు.

వదిన


చిన్న రణ్
మార్చి చివర

వదినా,

నీ పూసలు నిలబడ్డాయి. కంపెనీవాళ్లు వచ్చి నీళ్లు గాజు గ్లాసులో పట్టి ఎండకు ఎత్తి చూశారు, మచ్చ లేదు. వానలకు ఈ నేల మునిగేలోపు ఇక్కడ ముగించి, నన్ను తమిళనాడు ఉప్పు మడులకు పొమ్మంటున్నారు. ఇంకో ఏడాది. హేమచంద్ సార్ ఇక్కడి ఊళ్లో ఎవరికో ఫోన్ చేసి మనిషితో కబురు పెట్టాడు, ఆలోచించుకొని చెప్పమని. సరే అన్నాను. ఇక ఎక్కడికీ పోనని నీకు రాసిన చేత్తోనే సరే అన్నాను. చూశావా నా మాట ఎట్లాంటిదో.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలని కాగితం ముందేసుకొని కూర్చున్నాను. నాలుగేండ్లు నువ్వు ఆ ఇంట్లో ఉన్నావని నేను ధైర్యంగా తిరిగాను. నా పెట్టె ఎక్కడ పెట్టానో, నా పాత చెప్పులు ఎక్కడున్నాయో, నువ్వూ అక్కడే ఉంటావనుకున్నాను. ఒక్కదానివే తింటున్నావని నాకు తెలియక కాదు. తెలిసీ అడగలేదు, అడిగితే రావాల్సి వస్తుందని.

నిన్ను "గారు" అన్నందుకు నా నాలుక తెగిపోను. ఆ ఉత్తరం చింపెయ్యి. అన్న ఫోటో మాట ఎత్తినందుకు చెంప మీద కొట్టాలనిపిస్తే కొట్టు, ఆ చెంప దగ్గరికే వస్తున్నది.

అవును, వస్తున్నాను. ఉగాది దాటిన వారం. సెలవు దొరికింది, టిక్కెట్టు తెప్పించాను. నువ్వు పెండ్లి చేసుకో. గుడిలో చేసుకుంటారో, రిజిస్టర్ ఆఫీసులో చేసుకుంటారో మీ ఇష్టం. కానీ దొంగలాగా మాత్రం పోవద్దు. మేడ్చల్ ఇంట్లో నుంచి పోవాలి, పట్టపగలు, పక్కింటివాళ్లు చూస్తుండగా.

ఒడిబియ్యం నేను పోస్తాను.

పెండ్లికాని పిల్ల పొయ్యొద్దంటారు. అననీ. ఆడబిడ్డ వదినకు పొయ్యడం ఎక్కడన్నా ఉన్నదా అంటారు. ఇప్పుడుంటది. సుక్కమ్మత్త అరిస్తే నేనూ అరుస్తాను, నా గొంతేమీ చిన్నది కాదు. ఆ ఇంట్లో అమ్మ లేదు, బాపు లేడు, అన్న లేడు. మిగిలినదాన్ని నేను. ఆ ఇంటికి కోడలిగా వచ్చావు, బిడ్డగా పో. మీ ఆయన అక్కకు చెప్పు, వినోద ఎనుక తల్లిగారున్నారని, ఆ తల్లిగారు గుజరాత్ నుంచి వస్తున్నారని. బియ్యానికి పసుపు పట్టించడం నాకు రాదు, నువ్వే పక్కన కూర్చొని చెప్పాలి. కుడుకలు మేడ్చల్ అంగట్లో కొందాం. చీర మాత్రం నేను కొన్నదే కట్టాలి, రంగు నచ్చకపోయినా నోరెత్తొద్దు.

నాకు భయంగా ఉంది, దాచను. నువ్వు పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండాల్సిన ఆ సాయంత్రం గురించే. ఇద్దరికి వండి పెట్టిపోకు, నాకు ఒక్కదానికే వండు. ఏదో తింటాను. మర్నాడు రైలెక్కుతాను.

ఆటో ఎక్కేటప్పుడు ఏడుపొస్తే ఆపుకోకు వదినా. ఏడువు, గట్టిగా ఏడువు, అత్తగారింటికి పోయే పిల్ల ఏడవకపోతే బాగుండదు. నేను ఏడవను. నువ్వు వెనక్కి తిరిగి చూస్తావు, నాకు తెలుసు. ఆటో మలుపు తిరిగేదాకా నేను గడపలో నిలబడే ఉంటాను. తల్లిగారింటివాళ్లు చెయ్యాల్సింది అదే గదా.

భవిత